ఉద్యోగులు సైకిల్‌పై ఆఫీసుకు రావాలంటే సంస్థ ఏమి చేయాలి?

ముందు సైకిల్ నిలిపే చోటు సంగతి చూడండి. చాలా సంస్థలు పోస్టర్లతో, ఏడాదికోసారి జరిపే సైకిల్ దినంతో సరిపెడతాయి. మర్నాటికి అందరూ మళ్లీ బైకులెక్కుతారు. అది బద్ధకం కాదు. సైకిల్ ఎక్కడ పెట్టాలి, చెమటకు తడిసిన చొక్కా ఎక్కడ మార్చుకోవాలి అన్న ప్రశ్నలకు జవాబు దొరకకపోవడమే అసలు కారణం.

ఒక కారు నిలిపే స్థలంలో సుమారు 10 సైకిళ్లు పడతాయి. ఆ చోటు గేటుకు దగ్గరగా, పైకప్పుతో, కాపలాదారుకు కనిపించేలా ఉండాలి. ముందు చక్రాన్ని మాత్రమే పట్టి ఉంచే స్టాండ్లు దయచేసి వద్దు. సైకిల్ ఒరిగితే చక్రం వంగుతుంది. ఆ చక్రం విప్పేసి మిగతాది ఎత్తుకుపోవడమూ తేలికే. తిరగేసిన ‘యు’ ఆకారంలో నేలలో పాతిన ఇనుప గొట్టమైతే ఫ్రేమును, చక్రాన్ని కలిపి తాళం వేయవచ్చు. పక్కన ఒక గాలి పంపు, లోపల స్నానాల గది, బట్టలకు లాకర్లు ఉంటే సగం పని అయినట్టే.

తర్వాత డబ్బు. బెల్జియం, నెదర్లాండ్స్‌లలో యజమానులు కిలోమీటరుకు ఇంత అని భత్యం ఇవ్వవచ్చు. బ్రిటన్‌లో 1999 నుంచి పన్ను రాయితీతో సైకిల్ సమకూర్చే పథకం ఉంది.

గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కినా 5 కిలోమీటర్లకు 20 నిమిషాలే. కాబట్టి దగ్గరలో ఉన్నవారితో, వారానికి రెండు రోజులతో మొదలుపెట్టండి. దూరం నుంచి వచ్చేవారిని, ఆరోగ్యం సహకరించనివారిని మాత్రం ఒత్తిడి చేయకండి.