సోషల్ మీడియాలో జరిగేది ‘ఉద్యమం’ అవుతుందా?

సందేహం: గ్రాస్‌రూట్స్ పోరాటాలను, అంటే కింద జనంలోంచి పుట్టేవాటిని, కొందరు ‘క్షేత్రస్థాయి ఉద్యమం’ అని, ఇంకొందరు ‘అట్టడుగు ఉద్యమం’ అని రాస్తున్నారు. ఏది సరి? ఫోన్‌లో పోస్టులు పెట్టడాన్ని కూడా ఉద్యమం అనొచ్చా? ఉద్యమకారులే నడుపుకునే పేజీలు, పేపర్లను ‘ప్రత్యామ్నాయ మీడియా’ అనడం సరైనదేనా?

సమాధానం: నా దృష్టిలో రెండూ అతకవు. ‘క్షేత్రస్థాయి’ ఆఫీసుల్లో పుట్టి పెరిగిన మాట. క్షేత్రస్థాయి సిబ్బంది, క్షేత్రస్థాయి పరిశీలన అంటాం చూడండి, అదంతా పైనున్నవాళ్లు కిందివైపు చూస్తూ మాట్లాడే తీరు. ‘అట్టడుగు’ అనగానే అణగారిన వర్గాలే గుర్తొస్తాయి, కానీ జనంలోంచి వచ్చే ప్రతి పోరాటమూ వాళ్లదే కానక్కర్లేదు. 2025 ఉగాది రోజున హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో, యూనివర్సిటీని ఆనుకున్న 400 ఎకరాల్లో చెట్లు కొట్టడానికి జేసీబీలు దిగినప్పుడు అడ్డం వెళ్లింది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు. దాన్ని విద్యార్థుల ఉద్యమం అంటే చాలు. ఎవరు లేచారో వాళ్ల పేరే పెట్టండి, రైతు ఉద్యమం, నిర్వాసితుల ఉద్యమం అని. అందరూ కలిసి లేస్తే ప్రజా ఉద్యమం ఉండనే ఉంది.

ఇక రెండోది. ఉద్యమం అంటే పూనిక, ప్రయత్నం. ఒక పనికి నడుం కట్టడం. ఆ అర్థంలో ఫోన్ పట్టుకున్నవాళ్లనీ బయట పెట్టలేం. గచ్చిబౌలిలో చెట్లు కూలుతుంటే చీకట్లో నెమళ్లు అరుస్తున్న వీడియోలు ఊరూరా తిరిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. (అదే ఊపులో ఏఐతో చేసిన బొమ్మలు కూడా తిరిగాయి, అవి విద్యార్థులకు చేసిన మేలు కన్నా కీడే ఎక్కువ.) కానీ ఆ వీడియోలు తీయడానికి ఎవరో ఒకరు అక్కడ నిలబడాలి కదా! అందుకే ఇంట్లో కూర్చుని హ్యాష్‌ట్యాగ్ కలిపినదాన్ని ‘మద్దతు’ లేదా ‘ప్రచారం’ అనమంటాను, అదేం చిన్న మాట కాదు.

ఇక మూడోది. 2020 డిసెంబరులో సాగు చట్టాలు వద్దంటూ ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు కూర్చున్నప్పుడు ‘కిసాన్ ఏక్తా మోర్చా’ పేరుతో సొంత పేజీలు నడిపారు, ‘ట్రాలీ టైమ్స్’ అని పంజాబీ, హిందీల్లో పేపరు కూడా అచ్చేసుకున్నారు. ఫేస్‌బుక్ ఆ పేజీని కొన్ని గంటలు తీసేసి, గోల జరిగాక మళ్లీ పెట్టింది. వేరే కంపెనీ చేతిలో ఉన్న పేజీకి అదే చిక్కు, చేతికిచ్చిన పేపర్ని అలా మాయం చెయ్యలేరు. ఇలాంటివాటిని ‘ప్రత్యామ్నాయ మీడియా’ అనడం పూర్తిగా సరైనదే. రాసేటప్పుడు మాత్రం ‘ప్రత్యామ్యాయ’ అనకండి, మ కింద న వత్తు ఉండాలి.