ముందు చెత్తబుట్ట లెక్క రాయండి

ప్రశ్న: మా ఇంట్లో నలుగురం. సరుకులకు ఇంత అని అనుకుంటాను, ప్రతి నెలా దాటిపోతోంది. ఆఫర్ ఉన్నవే కొంటున్నాను, పెద్ద ప్యాకెట్లే తెస్తున్నాను. అయినా నెలాఖరుకి టెన్షన్ తప్పడం లేదు. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే పన్నెండేళ్ల కిందటి మా ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో ఒక జీతం ఆగిపోయిన రోజులవి. నేనూ మీలాగే ఆఫర్ల కోసం వెతికేదాన్ని, ఖర్చు మాత్రం దిగలేదు. చివరికి ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి, పారేసిన ప్రతి తిండి వస్తువునీ రాయడం మొదలుపెట్టాను. రెండు వారాలకే కాగితం నిండిపోయింది. ఆకుకూరలు నాలుగుసార్లు. సగం కోసి మరిచిపోయిన టమాటాలు. నల్లబడిన అరటిపళ్లు. ‘రేపు తిందాం’ అని వెనక్కి నెట్టిన గిన్నెలైతే ఆరు! ఆఫర్లలో మిగిలిందని సంబరపడ్డ డబ్బంతా అలా పోతోందని అప్పుడు తెలిసింది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అంచనా ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా ఇళ్లలో వృథా అయిన ఆహారం, తొక్కలూ గింజలూ కలుపుకుని, తలకి 79 కిలోలు. మీ నలుగురికీ లెక్క వేసుకుంటే 300 కిలోలు దాటుతుంది.

కాబట్టి మీరూ ఒక కాగితం అంటించండి. అందులో ఏది పదే పదే కనిపిస్తే, దాన్ని ఈసారి సగమే కొనండి. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే.

పెద్ద ప్యాకెట్ సంగతి. ధరను బరువుతో భాగించి, వంద గ్రాములకు ఎంత పడుతోందో చూడండి. పెద్దదే చౌక అని ఎప్పుడూ అనుకోవద్దు. పైగా ప్యాకెట్ సైజు అలాగే ఉంచి లోపల బరువు తగ్గించడమూ ఉంది. నిజంగా చౌకైనా సరే, పాడయ్యేలోపు వాడగలమా అన్నది చూసుకోవాలి. నూనె, పిండి, గింజపప్పులు గాలికీ వేడికీ వెలుతురుకీ మక్కిపోతాయి. ఆశపడి తెచ్చిన పెద్ద నూనె డబ్బాలో సగం నేను పారబోశాను, ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

దాచే పద్ధతి కూడా డబ్బే. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ ఒకే బుట్టలో వేయకండి, త్వరగా చెడతాయి. దుంపలకు చీకటి, గాలి కావాలి. మాగిన అరటిపళ్లు, ఆపిళ్ల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, పక్కనున్న ఆకుకూరలు దాంతో పసుపెక్కిపోతాయి. ఆకుల తడి ఆరాక పొడి గుడ్డలో చుట్టి పెడితే చాలా రోజులు నిలుస్తాయి.

వండి మిగిలినవాటిని రెండు గంటలలోపే ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీలు దాటకూడదు. మా ఇంట్లో కళ్లెదురుగా ఉండే అరలో ఒక డబ్బా ఉంటుంది. ముందు తినాల్సినవన్నీ అందులోనే. పిల్లలు కూడా ఆకలేస్తే ముందు దాన్నే చూస్తారు.

తేదీల విషయంలో మాత్రం జాగ్రత్త. ‘బెస్ట్ బిఫోర్’ అనేది రుచికి, నాణ్యతకి సంబంధించింది. ఆ తేదీ దాటినా, సరిగ్గా దాచిన పొడి సరుకు చాలాసార్లు బాగానే ఉంటుంది, చూసి వాడొచ్చు. ‘యూజ్ బై’ అని ఉంటే మాత్రం అది దాటాక తినొద్దు, పొదుపు కోసం కూడా వద్దు.

ఇక లిస్టు. దాన్ని కుర్చీలో కూర్చుని రాయకండి, అలమరా తలుపు తీసి, డబ్బాలు చూస్తూ రాయండి. ఇంట్లో ఉన్నవాటితో ఏం వండొచ్చో ముందు అనుకుని, తక్కువైనవే కొనండి. షాపుకి భోంచేసి వెళ్లండి.

అన్నీ ఒక్కసారే మొదలుపెట్టకండి, అలసిపోతారు. ఈ రాత్రికి కాగితం అంటిస్తే చాలు. రెండు వారాలయ్యాక అందులో ఏమేం ఉన్నాయో నాకు రాయండి, దాన్ని బట్టి మీ లిస్టు ఇద్దరం కలిసి సరిచేద్దాం.