రిటైర్మెంట్ డబ్బుతో ఇంకో ప్లాటు కొనాలా?

మాస్టారూ, రిటైరయ్యాక వచ్చిన 60 లక్షలు కావలిలో ఒకే బ్యాంకులో వేశాను, సగం తీసి రామాయపట్నం పోర్టు దగ్గర ప్లాటు కొననా అని అడిగారు. వద్దండీ. ఇల్లు, ఒక ప్లాటు ఉండనే ఉన్నాయి. రేపు నెల్లూరు ఆస్పత్రిలో అడ్వాన్సు కట్టమంటే ప్లాటు ఆ పూటకి అమ్ముడుపోదు. అలాగని అంతా ఒకే బ్యాంకులో ఉంచడమూ మంచిది కాదు. బ్యాంకుకి ఏమైనా అయితే ఇన్సూరెన్స్ ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే, వడ్డీతో కలిపి.

మీకు 60 నిండాయి కాబట్టి ముందు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 30 లక్షలు వేయండి. గరిష్ఠ పరిమితి అంతే. మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది, గడువు 5 ఏళ్లు. పదేళ్ల తర్వాతి ధరలు తట్టుకోవాలంటే మాత్రం 10 లక్షలు ఇండెక్స్ ఫండులోకి (నిఫ్టీ లాంటి సూచీలో ఉన్న కంపెనీల షేర్లు కొనే మ్యూచువల్ ఫండు) నెలనెలా కొంచెంగా పంపండి. మిగతాది ఐదు బ్యాంకుల్లో సమానంగా ఎఫ్‌డీలు. బంగారం ఇంట్లో ఉన్నది చాలు. అన్నిటికీ మీ శ్రీమతి గారిని నామినీగా రాయించండి.