పిల్లి ఉన్న ఇంట్లో కలబంద ఉండవచ్చా?

మేడ మీద కుండీల్లో కలబంద ఉంది, కొత్తగా పిల్లిపిల్లను తెచ్చుకున్నాం, కుండీలు తీసేయాలా అని అడిగారు. తీసేయనక్కరలేదు, దానికి అందని చోట పెట్టండి. కానీ “కలబంద అమృతం, దానివల్ల ఏమవుతుంది” అనే పెద్దల మాట మాత్రం వినకండి. ఆకు లోపలి గుజ్జుతో పెద్ద పేచీ లేదు. ఆకు తెగగానే తొక్క కింది నుంచి కారే పసుపుపచ్చని చేదు రసంతోనే తంటా అంతా. అది కడుపులో పడితే పిల్లికి వాంతులు, విరేచనాలు, నీరసం.

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా వీధిలో దిష్టికి కలబంద కట్టని గుమ్మం అరుదు. వేళ్ళు పైకి, ఆకులు కిందికి వచ్చేలా మా అత్తయ్య కూడా ఒకటి కట్టించారు. గాలికి అది ఊగుతుంటే పిల్లి ఊరుకుంటుందా? చెప్పుల స్టాండు ఎక్కి, ఎగిరి ఆకు పట్టుకుని వేలాడింది. దారం తెగలేదు, ఆకు నిలువునా చీలింది. గడప మీద పసుపు చుక్కలు, పిల్లి గడ్డం నిండా అదే రసం, నోట్లోంచి తీగలు సాగుతూ నురగ. తల విదిలిస్తూ, ముందుకాలితో మూతి రుద్దుకుంటూ మంచం కిందికి దూరి కక్కడం మొదలుపెట్టింది. మా ఆయన కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరగడమే తప్ప బండి తాళాలు తీసింది లేదు.

అత్తయ్య మజ్జిగ పట్టమన్నారు. పక్కింటావిడ ఉప్పునీళ్ళు పోసి కక్కించమంది. రెండూ కుదరదన్నాను. పిల్లికి ఉప్పునీళ్ళు పోయడమంటే ఇంకో విషం పోయడమే. ఒంటికి అంటినదంతా నాకి మళ్ళీ మింగుతుంది కనుక ముందు మూతీ పాదాలూ తడిబట్టతో తుడిచి, తెగిన ఆకు ముక్కను కూడా కవరులో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. వాంతులు ఆగడానికి సూదిమందు వేసి, చర్మం కింద సెలైన్ ఎక్కించారు. మర్నాటికి మళ్ళీ గిన్నె ముందు కూర్చుంది. బిల్లు రాసే ఆయన మాత్రం “వీధిపిల్లికి ఇంత ఖర్చా అమ్మా” అని నవ్వాడు. 1955 నుంచి పశువైద్య కళాశాల ఉన్న ఊరు మాది. అయినా పశువుల డాక్టరంటే పాడి ఆవులకే అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు!

నా లెక్కలో పిల్లి కలబందను రుచి కోసం కొరకదు, ఊగుతుంది కనుక కొరుకుతుంది. కుండీలో కుదురుగా ఉన్నదాని జోలికి మా పిల్లి ఎన్నడూ పోలేదు.

అసలు భయపడాల్సినవి వేరే ఉన్నాయి, వాటి గురించి ఎవరూ అడగరు. పూజకని ప్రతి ప్రహరీ పక్కనా పెంచే గన్నేరు ఆకు నుంచి వేరు దాకా విషమే, నేరుగా గుండెను దెబ్బతీస్తుంది. ఇక ఫంక్షన్లకు తెచ్చే బొకేల్లోని పెద్ద లిల్లీలు. దండల్లో గుచ్చే సన్న తెల్లపూలు కాదు, ఆరు రెక్కలు విచ్చుకుని మధ్యన నారింజ రంగు పుప్పొడి రాలేవి. ఒంటిమీద పడిన ఆ పుప్పొడిని నాకినా చాలు, రెండు మూడు రోజుల్లో పిల్లి మూత్రపిండాలు పాడైపోతాయి. నర్సరీలో అడిగి చూడండి, “అన్నీ మంచి మొక్కలేనమ్మా” అంటారు. వాళ్ళకు అమ్ముడుపోయేదల్లా మంచి మొక్కే.

మీ పిల్లి ఏదో ఒకటి నమలాల్సిందేనంటే ఒక కుండీలో గుప్పెడు గోధుమలు చల్లండి, వారం తిరిగేసరికి గడ్డి వస్తుంది. గన్నేరు ఉంటే మాత్రం ఈ ఆదివారమే తవ్వించేయండి. పూజకు మందారాలు చాలు, పిల్లికి వాటితో బెడద లేదు.