టెక్ సందేహాలు: డబ్బా మనుషులు వెక్టర్‌లోకి

ప్రశ్న: 1985లో వచ్చిన డైర్ స్ట్రెయిట్స్ పాట 'మనీ ఫర్ నథింగ్' వీడియోలోని డబ్బా మనుషుల తరహాలో ఇంక్‌స్కేప్‌లో (గీతలు, ఆకారాలతో వెక్టర్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) పోస్టర్ చేస్తున్నాను. వీడియో ఫ్రేమ్‌ను ట్రేస్ చేస్తే (సాఫ్ట్‌వేర్ చేతే ఆకారాలుగా మార్పిస్తే) వేల ముక్కలై ఫైలు కదలడం లేదు. చేత్తో గీస్తే ముక్కల మధ్య సన్నటి తెల్లగీతలు కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ట్రేసింగ్ వదిలేయండి. పాత వీడియో ఫ్రేముల్లో అంచుల దగ్గర రంగు కారి, నాయిస్ చేరి ఉంటుంది. ట్రేసర్ ఆ మరకల్లో ప్రతిదాన్నీ ఒక ఆకారంగా లెక్కిస్తుంది. అసలు ఆ బొమ్మలు పుట్టిందే బహుభుజులతో. యానిమేటర్లు ఇయాన్ పియర్సన్, గావిన్ బ్లెయిర్ వాటిని బాష్ ఎఫ్‌జీఎస్-4000 అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ యంత్రం మీద చేశారు. తక్కువ పలకలు, పలకకు ఒకే రంగు: ఆ అందమంతా ఇందులోనే ఉంది. కాబట్టి మీరూ పలకలతోనే కట్టండి.

ఫ్రేమ్‌ను 40 శాతం ఒపాసిటీతో (మసకగా కనిపించేలా) అడుగు లేయర్‌లో పెట్టి లాక్ చేయండి. మొండెం, చేతులు, కాళ్లకు 3డీ బాక్స్ టూల్ వాడితే పర్‌స్పెక్టివ్ అన్నిటికీ ఒకేలా కుదురుతుంది. తర్వాత ఆబ్జెక్ట్ టు పాత్ ఇచ్చి, అన్‌గ్రూప్ చేసి, వెనక దాగిన పలకలు తీసేయండి. తలను మాత్రం పెన్ టూల్‌తో, వంపు లేని గీతలతో, 15-20 పలకల్లో గీయండి. అంతకు మించితే ముఖం నునుపుదేలి, ఆ కాలపు మొరటుతనం పోతుంది. నోడ్‌లు, అంటే గీతల మూల బిందువులు, ఒకదానికొకటి అతుక్కునేలా స్నాపింగ్ ఆన్‌లో ఉండాలి.

వెలుగు ఏ వైపు నుంచి వస్తోందో ముందే తేల్చుకోండి. రంగుల ప్యానెల్‌లో హెచ్‌ఎస్‌ఎల్ ఎంచుకుని, హ్యూ (రంగు) మార్చకుండా లైట్‌నెస్ (వెలుతురు) పై పలకకు 65, ముందు పలకకు 50, పక్క పలకకు 30 ఇచ్చి చూడండి. గ్రేడియెంట్ (ఒక రంగు నుంచి మరో రంగుకు మెల్లగా మారే పూత) వద్దు. ఒక్కటి వేసినా బొమ్మ ఇప్పటి ఐకాన్‌లా మారిపోతుంది.

ఇక తెల్లగీతలు. మీ నోడ్‌లు కచ్చితంగా కలిసినా అవి వస్తాయి. ఉమ్మడి అంచు ఒక పిక్సెల్ మధ్యగా పోయిందనుకోండి. మొదటి పలక ఆ పిక్సెల్‌లో సగం కప్పుతుంది, రెండోది మిగిలినదానిలో సగమే కప్పుతుంది. అంటే 25 శాతం నేపథ్యం బయటపడుతుంది. వెనక పలకను ముందు పలక కిందికి 2 పిక్సెళ్లు జరపడమే గట్టి మందు. అది కుదరని చోట అదే రంగు స్ట్రోక్ (అంచు గీత) 0.5 పిక్సెల్ వేసి, జాయిన్ (మూల ఆకారం) రౌండ్‌లో పెట్టండి. మైటర్ అయితే కోసు మూలల్లో ముల్లులా పొడుచుకొస్తుంది. బొమ్మను పెద్దది చేసేటప్పుడు స్ట్రోక్ మందమూ పెరిగేలా ఆప్షన్ ఆన్ చేసుకోండి.

ఆ వీడియోలో బ్యాండ్ వాయించే దృశ్యాలది వేరే పద్ధతి. మామూలుగా తీసిన ఫుటేజ్ మీద క్వాంటెల్ పెయింట్‌బాక్స్ అనే వీడియో గ్రాఫిక్స్ యంత్రంతో మెరిసే రంగులు పూశారు. ఆ నియాన్ గీతకు బ్లర్ వాడితే పీడీఎఫ్‌లో అది రాస్టర్ (పిక్సెళ్ల బొమ్మ) అయిపోతుంది. బదులుగా ఒకే పాత్‌ను మూడు సార్లు పేర్చండి: అడుగున 16 పిక్సెళ్ల మందం, 15 శాతం ఒపాసిటీ; మధ్యలో 8 పిక్సెళ్లు, 40 శాతం; పైన 3 పిక్సెళ్లు, పూర్తి రంగు. అచ్చుకు పంపేముందు సీఎంవైకే (అచ్చు సిరాల నాలుగు రంగులు) ప్రూఫ్ తప్పక చూడండి. తెరమీది నియాన్ గులాబీ, ఆకుపచ్చ రంగులు సిరాలో వెలిసిపోతాయి.