లాయరు రాలేదని అప్పీలు కొట్టేయవచ్చా?

ప్రశ్న: హత్యాయత్నం కేసులో మా తమ్ముడికి సెషన్స్ కోర్టు 2019లో ఏడేళ్ల శిక్ష వేసింది. హైకోర్టు అప్పీలును అడ్మిట్ చేసుకుని, శిక్ష ఆపి బెయిలిచ్చింది. ఈమధ్య ఆ అప్పీలు కొట్టేశారు. ఆ రోజు మా లాయరు కోర్టుకే వెళ్లలేదట. విచారణకు తీసుకున్నాక ఇలా కొట్టేయవచ్చా? తమ్ముడు జైలుకు పోవాల్సిందేనా?
- ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, అప్పీలు అడ్మిట్ అయిందంటే గెలిచినట్టు కాదు, వినదగ్గ అంశాలున్నాయని కోర్టు అనుకున్నట్టు. కానీ ఆ గడప దాటిన అప్పీలును కేవలం లాయరు రాలేదని కొట్టేయడానికి వీల్లేదు. కింది కోర్టు రికార్డు చదివి, శిక్ష సబబో కాదో తేల్చాల్సిందే. 1996లో బానీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఈ మాట స్పష్టంగా చెప్పింది. గైర్హాజరైతే కొట్టేయవచ్చన్న 1987 నాటి రామ్ నరేశ్ యాదవ్ తీర్పును పక్కన పెట్టింది.

చాలామంది ఇంతవరకే చదివి సంబరపడతారు. లాయరు కోసం వాయిదా వేసి తీరాలని మాత్రం ఆ తీర్పు అనలేదు. ఎవరూ రాకపోయినా రికార్డు చూసి తీర్పు ఇవ్వవచ్చంది. 2013లో కె.ఎస్. పాండురంగ కేసులోనూ సుప్రీంకోర్టు ఇదే దారిలో నడిచింది. కాబట్టి ముందు ఆర్డరు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ‘కేసు పిలిచినప్పుడు ఎవరూ హాజరు కాలేదు, అప్పీలు కొట్టివేయడమైనది’ అని రెండు మూడు లైన్లే ఉన్నాయా? లేక పి.డబ్ల్యూ.1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి) ఏం చెప్పాడు, గాయాల సర్టిఫికెట్‌లో ఏముంది అని చర్చించారా? మీ తమ్ముడి దారి అక్కడే తేలిపోతుంది.

మొదటి రకమైతే అదే హైకోర్టులో, ఆ ఆర్డరును వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ వేయాలి. ఒకసారి సంతకమైన తీర్పును మార్చకూడదని సి.ఆర్.పి.సి. (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 362 సెక్షన్ చూపి పబ్లిక్ ప్రాసిక్యూటర్ అడ్డుపడవచ్చు. వాదన వినకుండా ఇచ్చిన ఆర్డరును వెనక్కి తీసుకోమనడం వేరు, తీర్పును తిరగదోడమనడం వేరు. ఒక రివిజన్ (కింది కోర్టు ఆర్డరును సరిచూడమని పైకోర్టులో వేసే పిటిషన్) విషయంలో 2011లో విష్ణు అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను ఒప్పుకుంది. లాయరు ఎందుకు రాలేకపోయాడో అఫిడవిట్‌లో ఉన్నదున్నట్టు రాయించండి. ఆయనతో గొడవకు దిగితే కాలయాపనే, ఫైలూ, వేరే లాయరును పెట్టుకోవడానికి నో అబ్జెక్షనూ తీసుకుని కొత్త వకాలత్ వేయించడం మేలు. మీది 2024 జూలై 1కి ముందునుంచే నడుస్తున్న అప్పీలు కనుక పాత సి.ఆర్.పి.సి.యే వర్తిస్తుంది, దాని స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్లు చెప్పి ఎవరైనా గాభరా పెడితే కంగారుపడకండి.

సాక్ష్యాలు చర్చించి కొట్టేసి ఉంటే మిగిలింది సుప్రీంకోర్టే. రాజ్యాంగం 136వ అధికరణ కింద 90 రోజుల్లో, అప్పీలుకు ప్రత్యేక అనుమతి కోరుతూ స్పెషల్ లీవ్ పిటిషన్ వేయాలి. అక్కడ ముందుగా లొంగిపోయినట్టు చూపాలి, లేదంటే మినహాయింపు కోరుతూ విడిగా దరఖాస్తు పెట్టాలి.

ఇక జైలు సంగతి. శిక్ష నిలుపుదల అప్పీలు తేలేదాకే. అప్పీలు పోతే అదీ పోయినట్టే, కింది కోర్టు వారెంట్ ఇవ్వవచ్చు. పరారీలో ఉంటే రేపు బెయిలు అడగడానికి ముఖం చెల్లదు. రీకాల్ పిటిషన్‌తోపాటే శిక్ష నిలుపుదలకూ దరఖాస్తు వేయండి. ఈలోగా లోపలికి వెళ్లాల్సి వస్తే, రిమాండులో గడిపిన రోజులు శిక్షలోంచి తీసేస్తారు. జైల్లో ఉన్నవారికి 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ఉచిత న్యాయవాది హక్కు కూడా ఉంది, జైలు సూపరింటెండెంట్ ద్వారా అర్జీ పెట్టుకోవచ్చు. కాపీ అప్లికేషన్ మాత్రం రేపే వేయించండి.