ఉగాదికి రంగుల కేక్ బాల్స్: చాక్లెట్ గడ్డకట్టడం, పగుళ్లు రావడం ఎందుకంటే

"ఉగాదికి మా వీధి పిల్లలకు 60 కేక్ బాల్స్ పంచాలి, ఆరు రుచులకు ఆరు రంగుల్లో. ముందుగా కొన్ని చేసి చూస్తే తెల్ల చాక్లెట్‌లో రంగు కలపగానే గడ్డకట్టింది. ఎలాగో ముంచి తీసినవి కూడా గంటలో పగిలాయి. ఎక్కడ తప్పు చేశాను?" అని కదా మీరడిగింది. ఈ రెండూ నాకూ అయ్యాయి, అదీ ఒకే పండగకి. మాది కడప. కేక్‌ని పొడి చేసి ఉండ కట్టి, పుల్లకి గుచ్చి, కరిగించిన చాక్లెట్‌లో ముంచేవే కదా ఈ కేక్ బాల్స్.

ఆ రోజు కేక్ పొడి ఉండలు కడుతుంటే చేతికి అంటుకుంటోంది. మా అత్తది సంగటి ముద్ద కట్టిన చెయ్యి. పక్కన గిన్నెలో నీళ్లు పెట్టుకుని, చెయ్యి తడుపుకుంటూ నున్నటి ఉండలు చకచకా చేసి పెట్టింది. నాకు సాయం చేద్దామని అదే తడి చేత్తో ఒక ఉండను కరిగించిన గులాబీ రంగు చాక్లెట్‌లో ముంచింది. పడింది రెండు మూడు చుక్కల నీళ్లే. కలుపుతుంటే నిమిషంలో నిగనిగలాడే చాక్లెట్ కాస్తా ఇసుక కలిపిన ముద్దలా తయారైంది. "ఏం మ్మే, ఇట్ల ముద్దయిపాయ! పొయ్యి మీద పెట్టు, కరుగుతాది" అంది. పెట్టాను. ఇంకా గట్టిపడింది.

చాక్లెట్ అంటే కొవ్వులో తేలే చక్కెర, పాలపొడి రేణువులు. అందులోకి కొంచెం నీళ్లు చేరితే చక్కెర తడిసి ఒకదానికొకటి అతుక్కుంటుంది. వేడి పెంచినకొద్దీ మాడుతుందే తప్ప కరగదు. మీకు జరిగిందీ ఇదే అయ్యుంటుంది, ఎందుకంటే మామూలుగా దొరికే చిన్న సీసా రంగులో ఉండేది నీళ్లే. కేక్ క్రీమ్‌లో కలిపే జెల్ రంగులోనూ నీళ్లుంటాయి. పోనీ జాంగ్రీలో వేసే పొడి రంగు వేద్దామంటే, అది కొవ్వులో కరగదు, చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. బేకరీ సామాన్లు అమ్మే షాపులో "చాక్లెట్‌లో కలిపే ఆయిల్ కలర్" అని గట్టిగా చెప్పి అడగండి. ఊరికే ఫుడ్ కలర్ అంటే మళ్లీ ఆ సీసానే చేతిలో పెడతారు.

గడ్డకట్టినదాన్ని పారేయకండి. వేడి పాలు కొంచెం కొంచెంగా పోస్తూ బాగా కలిపితే మళ్లీ నున్నగా క్రీమ్‌లా అవుతుంది. పైపూతకు ఇక పనికిరాదు గానీ, తర్వాతి విడత కేక్ పొడి కలపడానికి బాగుంటుంది. ఆ పండగకి మా ఉండల్లో సగం లోపల గులాబీ రంగులో ఉన్నది అందుకే. కావాలనే చేశామని అందరికీ చెప్పుకున్నాం.

కరిగించేటప్పుడూ నీళ్ల దగ్గరే జాగ్రత్త. గిన్నె మీద గిన్నె పెట్టే పద్ధతిలో కింద నీళ్లు మరిగాక స్టవ్ ఆపేసి, ఆ వేడికే కరగనివ్వండి. పై గిన్నె తీసిన వెంటనే అడుగు తుడవండి, లేదంటే ఆవిరి బొట్లు జారి చాక్లెట్‌లోనే పడతాయి. మైక్రోవేవ్ ఉంటే ఇంకా మేలు. 30 సెకన్లకోసారి తీసి కలపాలి. తెల్లది త్వరగా మాడుతుంది, వేడి 45 డిగ్రీలు దాటనివ్వకపోతే మంచిది. చిక్కగా ఉంటే స్పూన్ రిఫైన్డ్ నూనె వేయండి. పాలు మాత్రం వద్దు.

ఇక పగుళ్లు. నేను ఉండల్ని రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున తీసి అలాగే ముంచాను. పైపూత ఐదు సెకన్లలో బిగుసుకుంటే భలే ఉందనుకున్నా. తర్వాత దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాం. ఉగాది రోజు అక్కడ ముస్లిం కుటుంబాలు కూడా దర్శనానికి వస్తాయి కదా, ఆ రద్దీలో ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. చూస్తే ప్రతి ఉండ మీదా ఎండిన చెరువు అడుగులా నెర్రెలు. లోపలి చల్లటి ఉండ బయటి వేడికి మెల్లగా ఉబ్బుతుంది, పైన బిగిసిన పూత సాగదు, అందుకే పగులుతుంది. ఫ్రిజ్‌లో అరగంట చాలు, అదీ కింది అరలో. తీశాక ఐదు పది నిమిషాలు బయట పెట్టి, చలి కాస్త విరిగాక ముంచండి.

మన వేడికి అసలు కోకో బటర్ ఉన్న చాక్లెట్ జోలికి పోకండి. అది 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ఉగాది నాటికి కడపలో మధ్యాహ్నం ఎండ 40కి దగ్గర పడుతుంటుంది. కాంపౌండ్ అని అమ్మేది వనస్పతి లాంటి కొవ్వుతో చేసింది. రుచిలో ఒక మెట్టు కిందే, ఒప్పుకుంటాను, కానీ టెంపరింగ్ (పూత మెరుస్తూ గట్టిగా బిగియడానికి చాక్లెట్‌ని లెక్క ప్రకారం వేడి చేసి చల్లార్చడం) గొడవ లేదు, కొంచెం ఎక్కువ వేడికి ఆగుతుంది. అదైనా మధ్యాహ్నం వంటింట్లో మెత్తబడుతుంది కాబట్టి ముంచే పని తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టండి. తయారైనవి మూత బిగుతైన డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పంచేముందు బయటికి తీసి ఇరవై నిమిషాలు మూత తీయకుండా ఆగితే చెమట డబ్బాకే పడుతుంది, ఉండలు జిగటవ్వవు.

లెక్క చెప్తాను. ఉండ ఒక్కోటి 25 గ్రాములు, పెద్ద ఉసిరికాయంత. 60కి సుమారు 1,300 గ్రాముల కేక్, 200 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ పడతాయి. పండగ రోజు కాబట్టి ఎగ్‌లెస్ కేకే తీసుకోండి. మిల్క్ మొత్తం ఒకేసారి పోయొద్దు. ఓళిగల పూర్ణం ఏ గట్టిదనానికి వస్తే ఉండ కడతామో అక్కడ ఆపేయాలి. మెత్తబడితే ఉండ పుల్ల మీద నిలవదు, గిన్నెలోకి జారిపోతుంది. చేతికి అంటుకుంటే నీళ్లు కాదు, ఒక్క చుక్క నెయ్యి. కాంపౌండ్ కిలో కొనండి, కొంత మిగిలినా పాడవదు.

పుల్ల కొసను చాక్లెట్‌లో ముంచి ఉండలోకి సగం దాకా గుచ్చి, అది బిగిశాకే మొత్తం ముంచండి. రంగుకి పదేసి ఉండలే కాబట్టి వెడల్పు గిన్నె వద్దు, లోతైన కాఫీ కప్పు వాడండి, అడుగున చాక్లెట్ వృథా కాదు. పైకి తీశాక పుల్లని కప్పు అంచుకి కొట్టొద్దు. పట్టుకున్న చేతి మణికట్టు మీద రెండో చేత్తో మెల్లగా తడితే ఎక్కువైనది కారిపోతుంది. చల్లుకునేవి ఏవైనా వెంటనే చల్లాలి, అర నిమిషం ఆగితే అంటవు. నిలబెట్టడానికి థర్మోకోల్ లేకపోతే అరటి బోదె ముక్కలో గుచ్చండి, మేమదే చేశాం.

రంగుల సంగతి. పులుపుకి చింతపండు రంగు కావాలంటే డార్క్ కాంపౌండ్ ఉన్నదున్నట్టు వాడేయండి. మామిడి పిందెకి లేత ఆకుపచ్చ, బెల్లానికి ఆరెంజ్, వేపపువ్వుకి లేత పసుపు సులువుగా వస్తాయి. కారానికి ఎరుపే చిక్కు. తెల్లదాంట్లో ఎంత రంగు వేసినా గులాబీ దగ్గరే ఆగుతుంది, ఇంకా వేస్తే చేదెక్కుతుంది. స్ట్రాబెర్రీ కాంపౌండ్ అని గులాబీ రంగు స్లాబే దొరుకుతుంది, దాంట్లో ఎరుపు కలిపితే తక్కువ రంగుతో సరిపోతుంది. ఉప్పుకి తెల్లది అలాగే ఉంచేయండి, ఒక కప్పు కడిగే పని తగ్గుతుంది.